ముసలి వార్డులో ‘పోటు’ అన్న మాట

నేను నర్సును కాను. సముద్రం ఒడ్డున మా పాళెంలో ఇప్పటికీ నన్ను నర్సమ్మ అని పిలుస్తారు, నేనూ కాదనను, అందుకే ముందే చెబుతున్నాను. ఆసుపత్రి పుస్తకాల్లో నా పేరు ఎదురుగా ఉన్న మాట ఆయా. రవణమ్మ, ఆయా. అయినా ఆ వార్డుకు వచ్చిన నర్సు పిల్లలందరికీ ముసలి మనిషిని ఎలా పట్టుకోవాలో, ఎలా తిప్పాలో, ఎలా తినిపించాలో నేర్పింది నేనే. మధ్యలో రెండేళ్లు తప్ప. ఆ రెండేళ్లు ఎందుకు తప్పాయన్నదే ఇక్కడ రాయబోతున్నాను.

ఎప్పుడు పర్మనెంటు అయ్యాను, ఎవరు సంతకం పెట్టారు అనేవి రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు చదువుకోవాలని రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. ఒత్తులు తప్పితే మీరే దిద్దుకోండి.

ఇంకొక సంగతి. నాది ఓర్వలేని బుద్ధి. ఇది చదివేటప్పుడు ఆ మాట గుర్తుపెట్టుకోండి.

పని అంటే

మా ఆసుపత్రి నెల్లూరుకు తూర్పున, ముత్తుకూరు పోయే దారి పక్కన ఉండేది. యాభైల చివర సంగతి. ఇప్పుడున్న కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు అప్పుడు లేవు. ఉప్పు పండించే కయ్యలు, తాటిచెట్లు, వాటి మీదుగా వచ్చే గాలి. ఆసుపత్రి చివర పొడుగ్గా ఒక పెంకుల వసారా, అందులో పదహారు మంచాలు. దాన్ని అందరూ ముసలి వార్డు అనేవాళ్లు. తుంటి విరిగినవాళ్లు, ఒక పక్క పడిపోయినవాళ్లు, చూపు పోయి నడక మరిచినవాళ్లు అక్కడుండేవాళ్లు.

ట్రైనింగ్ పిల్లలు బ్యాచికి ఆరుగురు చొప్పున రెండు నెలలు మా వార్డులో పనిచేయాలి. ఆపరేషన్ల వార్డు నుంచి వచ్చేవాళ్లు. అక్కడ కుట్లు విప్పితే మనిషి లేచి ఇంటికి పోతాడు, పోతూ దణ్ణం పెడతాడు. ఇక్కడ అలాంటిదేమీ ఉండదు. అందుకని మొహాలు వేలాడేసుకుని వచ్చేవాళ్లు.

ఒక పిల్ల మొదటి రోజే అడిగింది.

“ముసలితనం జబ్బు కాదు గదక్కా. ఇక్కడ మేం నేర్చుకునేది ఏముండాది?”

“ఆ ఖాళీ మంచం మీద పడుకో, చెప్తా.”

పడుకుంది. గంట కొట్టేదాకా కదలొద్దు, గోక్కోవద్దు, మాట్లాడొద్దు అన్నాను. కాసేపటికే ముక్కు దురద, ఆ తర్వాత నడుము, ఆ తర్వాత ఈగ. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఆమెను వెల్లకిలానే ఉంచి రెండు గరిటెల గంజి పోశాను. పొలమారింది. లేచి కూర్చుని దగ్గి దగ్గి, “తల ఎత్తకుండా ఎట్ట తాగేదక్కా” అంది. “ఆ మాట వాళ్లు చెప్పలేరు మే. నువ్వు చూసుకోవాల,” అన్నాను. ఇక ప్రతి బ్యాచికీ మొదటి పాఠం అదే చేశాను. నర్సులందరికీ పెద్ద అయిన మేట్రనమ్మ ఒకసారి కిటికీలోంచి చూసి ఏమీ అనకుండా పోయింది. దాన్ని నేను పర్మిషన్ అనుకున్నాను.

రెండో పాఠం పాత డాక్టరు గారు నాకు నేర్పింది. ముసలి మగవాళ్లకు మూత్రం దారి బిగుసుకుంటుంది. పక్క మాటిమాటికీ తడుస్తుంటే ఉచ్చ బాగా పోతోందని మనం అనుకుంటాం. కాదు. నిండిన కుండ అంచు మీది నుంచి కారుతున్నట్టు కారుతుంది, కుండ మాత్రం నిండే ఉంటుంది. అందుకని తడి గుడ్డ మార్చేవాళ్లు ముందు బొడ్డు కింద చెయ్యి పెట్టి చూడాలి, వేలితో తట్టి చూడాలి. రాయిలా ఉంటే పరిగెత్తాలి.

ఈ పాఠం ప్రతి బ్యాచికీ చెప్పాను. ఒక్క బ్యాచికి చెప్పలేదు.

తెల్ల బూట్లు

పిల్లల మీద నాకు ప్రేమ లేకపోలేదు. కానీ వాళ్ల తెల్ల బూట్లు చూస్తే ఒళ్లు మండేది. టోపీ చూస్తే ఇంకా మండేది. అన్నిటికంటే ఎక్కువ మండేది రిపోర్టు పుస్తకం చూస్తే.

సంగతి ఇలా జరిగేది. పొద్దున్నే ఒళ్లు తుడిచేటప్పుడు ఎవరి వీపు మీదో ఎర్ర మచ్చ కనిపించేది. పుండు పడబోయే ముందు చర్మం అలా ఎర్రబడుతుంది, వేలితో నొక్కితే తెల్లబడదు. నేను చూసి పక్కనున్న పిల్లకు చెప్పేదాన్ని. ఆ పిల్ల పుస్తకంలో రాసేది. డాక్టరు వచ్చి చదివి, “ఎవరు కనిపెట్టారిది? శభాష్,” అనేవాడు. ఆ పిల్ల తల వంచుకుని శభాష్ తీసుకునేది. నేను బకెట్టు తీసుకుని పక్కకు తప్పుకునేదాన్ని.

నోట్లో ఉన్నంతసేపే మాట నాది. పుస్తకంలోకి పోగానే వాళ్లది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇది రాస్తుంటే పళ్లు బిగుసుకుంటున్నాయి.

ఒకటి ఒప్పుకోవాలి. పిల్లలెవరూ కావాలని చేసింది కాదు. ‘ఆయా చెప్పింది’ అని రాయడానికి పుస్తకంలో గడి లేదు.

సుశీల

ఆత్మకూరు వైపు వరి పండించే ఇంటి నుంచి వచ్చింది సుశీల. సన్నగా, కాస్త గూనిగా ఉండేది, గట్టిగా మాట్లాడేది కాదు. సముద్రం చూడలేదు. చేపల వాసనకు మొదటి రెండు రోజులూ ముక్కు మూసుకుంది. ఇది నాలుగు రోజులు కూడా ఉండదు అనుకున్నాను.

వారానికల్లా వార్డంతా సుశీల పేరే. మూలమంచం మీది చూపులేని అవ్వ నా అడుగుల చప్పుడు విని, “సుశీలేనా?” అని అడిగింది. కాదంటే మొహం గోడవైపు తిప్పుకుంది. నేను ఆ అవ్వకు మూడేళ్లుగా తల దువ్వుతున్నాను.

అన్నిటికంటే కష్టమైంది పోలయ్య మామ దగ్గర. మాదీ ఆయనదీ పక్కపక్క పాళేలు, అందుకే మామా అని పిలిచేదాన్ని. పడవ నీళ్లలోకి నెట్టేటప్పుడు కాలు జారి తుంటి విరిగింది. కొడుకులు చేపల వేటకు పోని రోజుల్లో వచ్చి చూసుకునేవాళ్లు. ఆయనకున్న ఇబ్బంది ఒకటే, తిండి. మంచం ఎక్కినప్పటి నుంచి ముద్ద నోటి దగ్గరికి తెస్తే పెదాలు బిగించేవాడు. నేను బతిమాలాను, తిట్టాను, మా పాళెం పాట పాడాను. నాలుగు మెతుకులు పోయేవి, అంతే.

సుశీల తినిపిస్తే పళ్లెం ఖాళీ అయ్యేది.

ఎలాగో చూద్దామంటే అన్నం వేళకు మంచం చుట్టూ గుడ్డ తెర లాగేది. తెర లోపల వాళ్లిద్దరి గుసగుసలు వినపడేవి. దొంగతనంగా చేపల పులుసు తెచ్చి పెడుతోందని మేట్రనమ్మతో చెప్పాను.

మేట్రనమ్మ అద్దాల మీదుగా చూసింది. “తింటున్నాడా?”

“తింటా ఉండాడమ్మా.”

“మరి నీ బాధేంది?”

నా బాధేమిటో నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. మేట్రనమ్మ నాకు దొరికిన పైవాళ్లందరిలో మంచిది, ఎందుకంటే అడిగిన ప్రశ్నకు జవాబు రాకపోయినా వదిలేసేది కాదు, గుర్తుపెట్టుకునేది.

రెండు పోట్లు

పోటు అంటే మీ ఊళ్లో ఏమిటో నాకు తెలియదు. సుశీల వాళ్ల ఊళ్లో పోటంటే నొప్పి. కత్తితో పొడిచినట్టు వచ్చేది. మా పాళేల్లో కూడా ఆ అర్థం ఉంది, కానీ ముందు గుర్తొచ్చేది సముద్రం. నీళ్లు ఎక్కి వస్తే పోటు, తీస్తే ఆటు. పడవ దించాలన్నా వల లాగాలన్నా ముందు పోటు సంగతి చూసుకోవాలి.

సుశీల వచ్చిన రెండో వారంలో పోలయ్య మామ కళ్లు మూసుకుని, “పోటు మొదలైనట్టుండాదే పాపా,” అన్నాడు. ఆ పిల్ల ఒక్క పరుగున పోయి డాక్టర్ని పిలుచుకొచ్చింది. డాక్టరు గుండెకు గొట్టం పెట్టి చూశాడు, కడుపు నొక్కి చూశాడు.

“ఎక్కడయ్యా నొప్పి?”

“నాకేం నొప్పి సామీ? మా వాళ్లు పడవ దించినారో లేదో అని.”

వార్డు వార్డంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. అంతటితో వదల్లేదు. వంటగదిలో చెప్పాను, ఆడవాళ్ల వార్డులో చెప్పాను, మందులిచ్చే కిటికీ దగ్గర చెప్పాను. ‘పోటు సుశీల’ అని పేరు పెట్టాను. వారం తిరిగేసరికి తోటి పిల్లలు కూడా అలాగే పిలిచారు. ఆ పిల్ల నవ్వి ఊరుకునేది, కానీ పుస్తకంలో ఏదైనా రాసే ముందు నావైపు చూడడం మొదలుపెట్టింది. అది నాకు ఎంత బాగుండేదో చెప్పలేను.

రెండో పాఠం ఆ బ్యాచికి ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని వాయిదా వేశాను. అసలు కారణం అది కాదు. ఆ పిల్ల చేతిలో ఇప్పటికే ఉన్నది చాలనిపించింది.

నెల దాటాక, ఒక పున్నమికి ముందు రోజు మధ్యాహ్నం, సుశీల నా దగ్గరికి వచ్చింది. నేను గుడ్డలు మడత పెడుతున్నాను.

“అక్కా, తాత పోటంటా ఉండాడు.”

“రేపు పున్నమి. పోటే మరి. పోయి సముద్రానికి ఇంజక్షన్ ఇప్పించు.”

పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. సుశీల కదల్లేదు.

“బొడ్డు కింద చెయ్యి పెట్టుకోని అంటా ఉండాడక్కా. పక్క కూడా పొద్దున్నించి మూడు మాట్లు తడిసింది.”

“తడిసిందంటే ఉచ్చ పోతా ఉన్నట్టే గదా. ఆరిన గుడ్డ మార్చు. ప్రతిదానికీ డాక్టర్ని పిలిస్తే ఈసారి ఆయన కూడా నీ పేరు మారుస్తాడు.”

ఈ మాటలు నేను అన్నాను. నిండిన కుండ సంగతి నా నాలుక చివరే ఉంది. అయినా అన్నాను. లేచి పోయి ఆయన పొత్తికడుపు మీద చెయ్యి పెట్టడానికి పది అడుగులు. వెయ్యలేదు. వేస్తే ఆ పిల్ల మాట నిజమవుతుందేమోనని వెయ్యలేదు.

సుశీల మంచం దగ్గరికి పోయి రిపోర్టు పుస్తకం తెరిచింది. కలం మూత తీసింది. నావైపు చూసింది. నేను గుడ్డ మడత పెడుతూ పెదవి విరిచాను. ఆ పిల్ల పుస్తకం మూసేసింది.

“ఆయాని గదమ్మా”

మర్నాడు పొద్దున డాక్టరు వచ్చేసరికి పోలయ్య మామ ఒళ్లు కాలిపోతోంది. మాట తడబడుతోంది. దుప్పటి తీస్తే పొత్తికడుపు బొడ్డు దాకా ఉబ్బి, తోలు మెరుస్తోంది. రబ్బరు గొట్టం వేసి మూత్రం తీశారు. పళ్లెం నిండింది, ఇంకొకటి తెమ్మన్నారు. తెచ్చింది నేనే.

డాక్టరు పోయాక మేట్రనమ్మ రిపోర్టు పుస్తకం తీసింది. ముందు రోజు పేజీలో జ్వరం, నాడి, తిండి ఉన్నాయి. నొప్పి గురించి గాని తడిసిన పక్క గురించి గాని ఒక్క అక్షరం లేదు.

“ఇతను నిన్న ఏమీ చెప్పలేదా?” అని సుశీలను అడిగింది.

“చెప్పినాడమ్మా.”

“మరి రాయలేదే?”

“రాయలేదమ్మా. నాదే తప్పు.”

మేట్రనమ్మ నావైపు తిరిగింది. “రవణమ్మా, నువ్వు ఇక్కడే ఉన్నావు గదా. నీకేం అనిపించలేదా?”

పిల్లలందరి ముందూ పాఠాలు చెప్పే రవణమ్మ, ఆసుపత్రంతా తిరిగి పోటు కథ చెప్పిన రవణమ్మ అప్పుడేమందో వినండి.

“నేను ఆయాని గదమ్మా. నాకేం తెలస్తాది?”

మేట్రనమ్మ పుస్తకం మూసి చంకన పెట్టుకుంది. సుశీల తల ఎత్తి నన్ను ఒకసారి చూసింది, అంతే. నా పేరు చెప్పలేదు. ఇంకెవరైనా అయితే ఆ మంచితనానికి కరిగిపోయేవాళ్లు. నాకు కోపం వచ్చింది. తిట్టించుకునేటప్పుడు కూడా నాకంటే ఎత్తుగా నిలబడిందని కోపం.

సుశీలను ట్రైనింగ్ నుంచి తీసేయాలని తేల్చారు. వాళ్ల నాయనకు ఉత్తరం రాశారు, మూడో రోజు ఆయన వచ్చి తీసుకుపోతాడు. ఇంట్లో నర్సు చదువంటే ఎవరికీ ఇష్టం లేదని, ఆ పిల్ల ఏడ్చి సాధించుకుని వచ్చిందని తోటి పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. వెనక్కి పోతే ఇంక ఇల్లు దాటనివ్వరు. ఆ సంగతి విని కూడా నోరు విప్పలేదు. విప్పితే వార్డు పోతుంది. పిల్లలకు నేర్పే పని పోతుంది. నాకు ఉన్నది ఆ ఒక్కటే.

రెండు రోజులు నేనే పోలయ్య మామకు తినిపించడానికి కూర్చున్నాను. సుశీల లేదు గదా, ఇంక నా చేతి ముద్దే తినాలి అనుకున్నాను. ఆయన పెదాలు బిగించాడు. నీళ్లు కూడా తాగలేదు. గొట్టం వేసిన మనిషి నీళ్లు తాగకపోతే జ్వరం దిగదు. డాక్టరు ఆ మాట రెండుసార్లు చెప్పి పోయాడు.

నీళ్ల గిన్నె

మూడో రోజు పొద్దున సుశీల వార్డులోకి వచ్చింది. టోపీ లేదు, బూట్లు లేవు, మామూలు వోణీ వేసుకుని ఉంది. చేతిలో చిన్న ఇత్తడి గిన్నె, దాన్నిండా నీళ్లు. తిట్టడానికి వచ్చిందనుకుని చెంగు బిగించుకున్నాను.

“అక్కా, తాత తినడం లేదంట గదా.”

“నీకెందుకు మే ఇంక?”

“దీన్ని మంచం పక్కన పెట్టు. ముద్ద నోటికి తీసకపోబాక, ఆయన చేతిలో పెట్టు. మొదటి ముద్ద ఈ నీళ్లల్లో యేస్తాడు. యేసినాక రెండోది తింటాడు. పడవ మీద అట్టనే చేసేవాళ్లంట, గంగమ్మకి పెట్టకుండా తినరంట. అన్నం నీళ్లల్లో పారేస్తా ఉంటే అందరూ నవ్వతారని తెర యేసేదాన్ని.”

నేను చెంగు వదిలి గిన్నె అందుకున్నాను.

“ఇది నీకు తెలిసే ఉంటాదిలే అక్కా,” అంది. “మీ వాళ్లే గదా.”

ఎగతాళిగా అనలేదు. నిజంగానే నాకు తెలిసి ఉంటుందని అనుకుంది. నాకు తెలుసు కూడా. మా నాయన పడవలో కూర్చుని మొదటి ముద్ద నీళ్లలో వేయడం నేను చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఆసుపత్రిలో ఇన్నేళ్లు గరిటెతో నోట్లో పోసి పోసి మరిచిపోయాను. సముద్రం చూడని పిల్ల అడిగి తెలుసుకుంది.

గిన్నె మంచం పక్కన పెట్టి పళ్లెం ఆయన ఒళ్లో పెట్టాను. మామ ముద్ద కలిపాడు, నీళ్లలో వేశాడు, ఆ తర్వాత తిన్నాడు. తిని నీళ్లు అడిగాడు.

నేను నాకు తెలిసింది దాచిపెట్టుకున్నాను. ఈ పిల్ల తనకు తెలిసింది, అదీ నేను కుళ్లుకున్నదాన్నే, తెచ్చి నా చేతిలో పెట్టి పోతోంది. వాళ్ల నాయన అప్పటికే గేటు దగ్గర పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మేట్రనమ్మ గదికి పోయాను. కూర్చోమంది, కూర్చోలేదు.

“ఆ పిల్ల నాకు చెప్పిందమ్మా. కడుపు మీద చెయ్యి పెట్టుకోని పోటంటా ఉండాడని చెప్పింది, పక్క తడస్తా ఉందని చెప్పింది. నాకు తెలుసు అదేందో. తెలిసే రాయనీకుండా చేసినా.”

“ఎందుకు?”

“ఓర్వలేక.”

 మేట్రనమ్మ గుమాస్తాను పిలిచి నేను చెప్పింది రాయమంది. అతను రాశాడు, నేను వేలిముద్ర వేశాను. గేటు దగ్గరికి మనిషిని పంపి సుశీల పెట్టె వెనక్కి తెప్పించింది. నన్ను లాండ్రీలో వేసింది.

“తప్పు చేసినావని కాదు,” అంది నేను తలుపు దాటబోతుంటే. “తప్పు అందరూ చేస్తారు. ‘ఆయాని గదమ్మా’ అన్నావు చూడు, దానికి.”

పోలయ్య మామ ఆ జ్వరం నుంచి లేచాడు. ఇంకో వానాకాలం దాకా బతికాడు.

నల్లజీడి

లాండ్రీ పెద్ద పెంచలయ్య. మంచివాడే, మాట తక్కువ. దుప్పట్లు కలిసిపోకుండా నల్లజీడి పిక్కను సూదితో గుచ్చి, ఆ రసంతో మూలమూలనా వార్డు గుర్తు రాసేవాడు. ఆ నలుపు ఎన్ని ఉతుకులకైనా పోదు. ‘ఆ’ అంటే ఆడవాళ్ల వార్డు. ‘పి’ పిల్లల వార్డు. ‘ము’ ముసలి వార్డు.

మడత పెట్టాలంటే గుర్తులు తెలియాలి. తెలియక మొదటి వారం పిల్లల గుడ్డలు మగవాళ్లకు పంపాను. పెంచలయ్య తిట్టకుండా ఒక పాత దిండు గలీబు మీద వరసగా రాసిచ్చాడు. నేను మొట్టమొదట నేర్చుకున్న అక్షరం ‘ము’. ఆ తర్వాత పెంచలయ్య కూతురి రెండో తరగతి పుస్తకం తెచ్చుకున్నాను. బట్టలుతికే సోడా నీళ్లకు వేళ్లు పగిలి ఉండేవి, బలపం పట్టుకుంటే మండేది. సుశీల ఒకసారి వచ్చి, “నేను నేర్పుతానక్కా,” అంది. అక్కర్లేదన్నాను. ఆ పిల్ల దగ్గర నేర్చుకునేదానికంటే దిండు గలీబు మేలనిపించింది.

చదవడం వచ్చాక ఆఫీసుకు పోయి నా వేలిముద్ర ఉన్న కాగితం చూపించమన్నాను. గుమాస్తా విసుక్కుంటూ తీశాడు. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కున్నాను. అందులో ఇలా ఉంది: ‘ఆయా రవణమ్మ అవగాహన లేమిచే పొరపాటు పడినది.’

నేను చెప్పింది అది కాదు. నాకు అవగాహన ఉంది. నేను పొరపాటు పడలేదు, ఓర్వలేకపోయాను. గుమాస్తా జాలిపడి రాశాడో, ఆయాకు అంతకంటే ఏముంటుందిలే అని రాశాడో తెలియదు. నా మాట మళ్లీ ఇంకొకరి చేతిలో ఇంకోలా అయిపోయింది. కొట్టేసి రాయమంటే, పాత కాగితాలు ముట్టుకోకూడదన్నాడు.

అందుకే పిల్లలూ, మీకో మాట. ముసలివాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే రాయండి. ‘పోటు’ అంటే ‘పోటు’ అనే రాయండి. దాన్ని మీరే నొప్పి చేయొద్దు, మీరే సముద్రం చేయొద్దు. రాసి, తర్వాత మనిషిని ముట్టి చూడండి. వార్డులో మీకంటే పాతవాళ్లు నవ్వితే నవ్వనీయండి. ఆ నవ్వేవాళ్లకు ఏదో తెలిసి ఉంటుంది, అది మీకు చెప్పడం ఇష్టం లేక నవ్వుతుంటారు. నన్ను నమ్మండి, ఇది నాకు లోపలి నుంచి తెలుసు.

లాండ్రీ మూటతో

రెండేళ్లకు సుశీల పరీక్ష పాసై ముసలి వార్డులోనే స్టాఫ్ నర్సుగా చేరింది. కొత్త బ్యాచికి ఆమే పాఠాలు చెబుతోందని విన్నాను. మంచం మీద పడుకోబెట్టే పాఠం కూడా నాలాగే చెబుతోందట. ఎవరో మెచ్చుకుంటూ చెప్పారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఒక ఉదయం దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని వార్డు గుమ్మం దగ్గరికి వచ్చాను. కిటికీ పక్క మంచం చుట్టూ ఆరుగురు పిల్లలు నిలబడి ఉన్నారు. సుశీల గొంతు ముందుకంటే గట్టిపడింది. పోలయ్య మామ సంగతి చెబుతోంది. పోటు మాట, తడిసిన పక్క, మూసేసిన పుస్తకం.

“ఆయన చెప్పింది నేను రాయలేదు,” అంటోంది. “సముద్రం సంగతిలే అని ఊరుకున్నా. ఆ తప్పు నేను చేసినా. మీరు చేయబాకండి.”

ఒక పిల్ల రాసుకుంటోంది. మిగిలినవాళ్లు కళ్లార్పకుండా చూస్తున్నారు. అంత శ్రద్ధగా నా పాఠం ఎవరూ వినలేదు.

నన్ను కాపాడడానికే అలా చెబుతోందని నాకు తెలుసు. ఆ పిల్లలకు నా పేరు తెలియకూడదని అనుకుంది. నేను గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి పోయి ఉండొచ్చు. కానీ ఓర్వలేకపోయాను. నా మాటలు పుస్తకంలోకి పోయి వాళ్లవయ్యాయి. నా పాఠాలు ఈ పిల్లవయ్యాయి. పోలయ్య మామ అన్నం కూడా ఈ పిల్లదే అయింది. ఇంక నాకు మిగిలింది ఆ తప్పు ఒక్కటే. దాన్ని కూడా ఎత్తుకుపోతోంది.

లోపలికి పోయాను.

“అబద్ధం చెప్పబాక మే సుశీలా. ఆ తప్పు నాది.”

పిల్లలు గిర్రున తిరిగారు. నెత్తిన మూటతో నిలబడ్డ లాండ్రీ ఆడమనిషిని చూసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సుశీల ఎర్రబడింది.

“రాయకపోయింది నేను గదక్కా.”

“రాయకపోయింది నీది. రాయనీకుండా చేసింది నాది. నువ్వు చెప్తే వీళ్లకి సగమే తెలస్తాది. తెలిసిన మనిషి ఎందుకు చెప్పలేదో నీకేం తెలుసు? అది నేనే చెప్పాల.”

 సుశీల మంచం తల దగ్గర తను నిలబడిన చోటు వదిలి, పిల్లల వెనక్కి పోయి నిలబడింది.

“అయితే నువ్వే చెప్పక్కా,” అంది. “నేను కూడా ఇంటా.”

ఎంత మర్యాదగా పక్కకు జరిగిందో. దానికి కూడా కుళ్లుకుంటూనే మూట కింద పెట్టి, రెండేళ్ల తర్వాత మళ్లీ పాఠం మొదలుపెట్టాను.